దర్జీ అక్క కొలతలు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతోంది. మా ఆయన పోయాక, అరవై తొమ్మిదో ఏట, ఈ వృద్ధాశ్రమానికి వచ్చాకే చదువు నేర్చుకున్నాను. నేర్పింది పక్క మంచం దర్జీ అక్క. మోకాళ్ళ మీద నల్లగుడ్డ పరిచి, కత్తెర వేసేముందు గీసే సుద్దముక్కతో రాయించేది. తప్పు పడితే అరచేత్తో తుడిచేసి, "గుడ్డేం పాడవలేదులే, మళ్ళీ గియ్యి" అనేది. నిరుడు పక్షవాతంతో ఆమెకు మాట పడిపోయింది. ఇప్పుడు నా తప్పులు దిద్దేవాళ్ళు లేరు.

మొన్న మంగళవారం మీ సర్వే అమ్మాయి వచ్చింది. ఇక్కడి ముసలివాళ్ళకి నలుగురితో ఎంత కలివిడి ఉందో కొలుస్తారట.

"మామ్మగారూ, పోయినవారం మీతో ఎంతమంది మాట్లాడారు?"

"మాత్రలిచ్చే పిల్ల 'మింగండి' అంది. అదీ లెక్కేనా తల్లీ?"

నవ్వి, లెక్కే అంది. ఆదివారం మా అబ్బాయి ఫోనూ లెక్కేనట. తిన్నావా, పడుకున్నావా, మందులేసుకున్నావా అని మూడూ ఒక్క ఊపిరిలో అడిగి, నేను నోరు తెరిచేలోపే "సరేనమ్మా, ఉంటా" అంటాడు. నాకు పదికి ఎనిమిది వచ్చాయి. అక్క చెప్పలేదు గనక ఆమె మరిదిని ఫోన్లో అడిగి నింపారు. "మా వదినకి ఎవరితోనూ సంబంధం లేదండీ, గోడకేసి చూస్తూ కూచుంటుంది" అన్నాడట. సున్నా.

నిన్న మేట్రనమ్మ దుప్పట్లు మారుస్తూ చెప్పింది. "సున్నా వచ్చినవాళ్ళని సోమవారం పై అంతస్తుకి మార్చేస్తున్నాం. ఎక్కడున్నా ఆవిడకి ఒకటేగా మామ్మా!"

ఒకటి కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ తెర ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది. గదంతా సుద్దపొడి చల్లినట్టు తెల్లటి వెలుగు. నేను కునుకుకీ మెలకువకీ నడుమ ఉంటాను. అప్పుడు అక్క ఎడమచెయ్యి రెండు మంచాల మధ్య ఖాళీ దాటి వస్తుంది. నా భుజం నుంచి మోచేతి దాకా జానలేస్తుంది. మెడ దగ్గర బెత్తెడు. వీపు కొలవడానికి వీలుగా నేను అటు తిరుగుతాను. రోజుకొక జాకెట్టు కుడుతోంది ఆమె. దాని రంగు నేను కళ్ళు మూసుకుని చూస్తాను. మొన్నటిది నీలం, నీళ్ళలో జాడించినంత పలచటి నీలం. పెళ్ళయిన నలభై ఆరేళ్ళూ నేను మా ఆడపడుచు విడిచిన జాకెట్లే తొడుక్కున్నాను. ఒకసారి కొత్తది కుట్టించుకుంటానంటే, "వంటింట్లో నిన్నెవరు చూస్తారే?" అంది మా అత్తగారు. మా ఆయన పేపరు దించకుండానే, "దానికి కొలతలెందుకమ్మా, దిండు గలీబు తొడిగినా సరిపోతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. చేతిలో వాళ్ళ ఎంగిలి కంచాలతో నేనూ నవ్వాను. ఆ ఇంట్లో ఎవరి కూరలో ఎంత ఉప్పుండాలో, ఎవరి చొక్కాకి ఏ గుండీ వదులైందో నాకు తెలుసు. నా భుజాల వెడల్పు మాత్రం ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. డెబ్భై దాటాక తెలిసింది, రెండు జానలకి రెండు వేళ్ళు తక్కువ.

నిన్న ఆ చెయ్యి నా మెడ దగ్గరే ఆగిపోయింది. మేట్రనమ్మ మాట వినే ఉంటుంది. "కానీ అక్కా, ఇంకా చేతులు కొలవద్దూ?" అన్నాను. చాలాసేపటికి మళ్ళీ కదిలింది.

ఇవాళ మేట్రనమ్మని ఆ సర్వే కాగితం ఇమ్మన్నాను. "దేనికి మామ్మా, వేలిముద్ర అక్కర్లేదులే" అంది. వేలిముద్రకి కాదన్నాను. "ఇతర విషయాలు" అన్నచోట రెండు గీతల జాగాయే ఉంది. చాలక, ఈ కాగితాలు అక్క గుండుసూదితో గుచ్చి పంపుతున్నాను. ఆమె సున్నా కొట్టేయండి. కుదరదంటే నా ఎనిమిది కొట్టేసి నాకూ సున్నా వెయ్యండి.

పేరు అన్నచోట తానున్నన్నాళ్ళూ మా ఆయన "ఫలానావారి భార్య" అని రాసి నాచేత వేలు పెట్టించేవాడు. ఈసారి నేనే రాస్తున్నాను.

పేరు: దర్జీ అక్క పక్క మంచం మనిషి.
వయసు: డెబ్భై నాలుగు.
ఉండేది: సోమవారం నుంచి, అక్క ఏ అంతస్తులో ఉంటే ఆ అంతస్తులో.