పసుపు టాపు

వీర్రాజు అంబాసిడర్ టాక్సీ తోలడం మానేసి చాలా ఏళ్ళయింది. చూపు మందగించాక కారుని పెరట్లో కొబ్బరాకుల పాక కింద పెట్టేశాడు. నల్లటి బాడీ, పసుపు టాపు. ఒకప్పుడు అంబాజీపేట రోడ్డు మీద ఆ పసుపు రంగు కనిపిస్తే చాలు, జనం చెయ్యెత్తేవారు.

కొడుకు రవికుమార్ అమలాపురంలో కాలేజీ లెక్చరర్. చిన్నప్పుడు బళ్ళో అందరూ అతన్ని ‘టాక్సీ వీర్రాజు కొడుకు’ అనేవారు. ఆ మాట అతనికి ఇప్పటికీ ముల్లులాగే ఉంది. నాన్న ఒక్కసారైనా సొంత కారులో వెనక సీట్లో దర్జాగా కూర్చోవాలని అతని కోరిక. కంటి ఆపరేషనుకి వీర్రాజు కూతురింటికి వెళ్ళినప్పుడు, కారుని మెకానిక్ శ్యామ్ బాబు షెడ్డుకి చేర్పించాడు.

శ్యామ్ బాబు తుప్పు పట్టిన రేకులు కోసి కొత్తవి అతికించాడు. పాత రంగంతా గీకించే ముందు ఒకసారి అడిగాడు.

“టాపు పసుపే వేసేద్దామాండీ? నాన్నగారి కారంటే అందరికీ అదే గుర్తండి.”

“వద్దండీ. మొత్తం మీగడ రంగు వేసెయ్యండి. టాక్సీలా కనపడకూడదు.”

“ఆయ్. అలాగేనండి.”

కారు తయారయ్యాక రవికుమార్ తండ్రిని షెడ్డుకి తీసుకొచ్చాడు. వీర్రాజు చుట్టూ తిరిగి చూశాడు. తలుపు మీద చెయ్యి వెయ్యబోయి, మరక పడుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు.

“అద్దంలా ఉందిరా,” అన్నాడు. ముందు తలుపు వైపు వెళ్తుంటే, కొడుకు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. వీర్రాజు వెనక్కే వెళ్ళి కూర్చున్నాడు.

బండారులంక దాటాక వానలో తడిసిన రోడ్డు పక్కన ఒకామె సంచితో నిలబడి ఉంది.

“ఆపరా, మన పేట సుగుణ!” అన్నాడు వీర్రాజు. ఆమె పెద్ద కొడుకు ఈ కారులోనే, ఆసుపత్రి గేటు దగ్గర పుట్టాడు.

కారు దగ్గరికి రాగానే సుగుణ బురద గట్టు మీదికి తప్పుకుని దారిచ్చింది. వీర్రాజు అద్దం దించి పిలిచేదాకా పోల్చుకోలేదు.

“మీరా అన్నయ్యగారూ! ఎవరో పెద్దోళ్ళనుకున్నానండి.”

“ఎక్కమ్మా, ఇంటి దగ్గర దింపేస్తాం.”

ఆమె తెల్లటి సీటు వైపు, తన కాళ్ళ వైపు చూసుకుంది. “బురదండి. కొత్త బండి పాడైపోద్ది. ఆటో వచ్చేస్తాదిలెండి, మీరెళ్ళండి.”

ఎంత చెప్పినా ఎక్కలేదు. కారు కదిలింది. బురద గట్టు మీద సుగుణ అద్దంలో కనిపిస్తూనే ఉంది రవికుమార్‌కి.

“నాన్నా, పసుపు రంగు మళ్ళీ వేయిస్తాను. రేపే శ్యామ్ బాబుతో చెప్తాను.”

“వద్దులేరా. ముచ్చటపడి చేయించేవు.”

“నిన్నొక మాట అడగాల్సింది.”

“కాస్త ఆపరా,” అన్నాడు వీర్రాజు. దిగి వచ్చి ముందు సీట్లో కొడుకు పక్కన కూర్చున్నాడు. ఇల్లు చేరేదాకా దారిలో ఎవరూ చెయ్యెత్తలేదు.