మద్దమ్మ ఇల్లు ఎక్కడ?

"బైత్ మద్దమ్మ వేన్?"

తుపాకీ గొట్టం గడ్డం కింద ఆనించి ఇరాకీ సైనికుడు అడిగాడు. మద్దమ్మ ఇల్లు ఎక్కడ? వాకిలి ఊడుస్తున్న శివపార్వతి చేతిలోంచి చీపురు జారిపోయింది. తుపాకీకి కాదు, ఆ పేరుకి భయపడింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి నెల దాటింది. సైన్యానికి దారి తెలియకుండా జాబ్రియా పేట జనం వీధి బోర్డులూ ఇళ్ల నంబర్లూ పీకి పారేశారు. ఎవరి కోసమో వచ్చిన జీపులు సందుల్లో గింగిరాలు కొట్టి వెనక్కి పోతున్నాయి. ఈ జీపు మాత్రం సరాసరి ఈ వీధికే వచ్చింది. పైగా యజమాని పేరు కాదు, పనిమనిషి పేరు అడుగుతున్నారు.

యజమానుల పొడుగాటి పేర్లు నోరు తిరక్క, ఇంటిని అందులో పనిచేసే మనిషి పేరుతో పిలుచుకోవడం ఇక్కడి తెలుగువాళ్ల అలవాటు. పార్వతి ఇల్లు, కరుణమ్మ ఇల్లు, మద్దమ్మ ఇల్లు. ఇంకెవరూ అలా అనరు.

చెప్పినవాడు మనవాడే!

మద్దమ్మ యజమానులు వేసవికి లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఆ ఖాళీ ఇంట్లో ఇప్పుడు హెస్సా దాక్కుని ఉంది. హెస్సా పార్వతి పనిచేసే ఇంటి కూతురు. తల్లి సౌదీకి కారెక్కితే తను ఎక్కలేదు. సైన్యానికి ఎదురు తిరగమని కరపత్రాలు రాసి, రొట్టెల మడతల్లో పెట్టి ఇంటింటికీ చేరవేస్తోంది. దొరికితే ప్రాణం దక్కదు.

పార్వతి చెయ్యెత్తి వీధి చివర నల్లగేటు చూపించింది. సైనికులే ఎప్పుడో దోచుకుపోయిన ఇల్లది. జీపు అటు తిరగ్గానే పెరటి గోడ ఎక్కి మద్దమ్మ ఇంట్లోకి దూకింది. మోకాలు చీరుకుపోయింది. హెస్సా చెయ్యి పట్టుకుని రెండు పెరళ్లు దాటించి, కరుణమ్మ బట్టలుతికే గదిలోకి తోసి, తనూ దూరింది.

మోసం తెలుసుకుని సైనికులు వెనక్కి వచ్చారు. ఒక్కో వాకిట్లో పనిమనిషి పేరు అడుగుతూ మద్దమ్మ ఇల్లు పట్టుకున్నారు. పిల్ల లేదు. మద్దమ్మ చెంప వాచేట్టు కొట్టి, గిన్నెలతో సహా దోచుకుపోయారు.

మధ్యాహ్నం కరుణమ్మ వంటింట్లో ఆడవాళ్లంతా చేరారు.

"మన పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళమేసినోళ్లు వీళ్లు. వీళ్ల దేశం పోతే మనకేం పోయేది?" గౌసియా బీ మండిపడింది. "రేపు బస్సుండాది. బాగ్దాదు, ఆడ్నించి అమ్మాను, విమానం. నోరు మూసుకోని ఎక్కుదాం."

"తాళమేసింది హెస్సా వాళ్లమ్మ, అక్కా," అంది పార్వతి. "పోయినేడు కప్పు పగిలిందని నన్ను సామాన్ల గదిలో పెట్టి తాళమేసింది. హెస్సా ఆ తలుపుకాడ కూకోని, తీసేదాకా మెతుకు ముట్టలేదు. ఆ పొద్దు ఆ పిల్ల నన్ను నీది ఏ దేశమని అడగలా."

"కడుపు నిండినోళ్లకు ఒక పూట పస్తు ఒక లెక్కా?"

"మన కోసం పస్తున్నోళ్లు ఇంకెవురుండారో చెప్పు మళ్ల."



గోదావరి జిల్లా కరుణమ్మ చేతులు తిప్పుతూ లేచింది. "ముందు ఊదిందెవరో తేలాలి. ఎవరైనా నోరు జారారేమో చెప్పెయ్యండర్రా, ఏమీ అనను."

మద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "పిండి తెచ్చే ఆయప్పను ఇద్దరికి సరిపోను తెమ్మన్నా. ఇంకొకరెవురన్నాడు. మా చుట్టాల పిల్లంటి. బియ్యం వద్దు, రొట్టెల పిండే తెమ్మంటి. 'ఇదేం చుట్టరికం మద్దమ్మా, అన్నం తినని రాయచోటి పిల్లా?' అని నవ్వినాడు. నేనూ నవ్వితిని."

పిండి తెచ్చేది మేస్త్రీ. అమ్ఘరా తుక్కు యార్డులకు కూలీలను పంపేదీ ఆయనే. రేపటి బస్సు మాట్లాడిందీ ఆయనే.

"పేరెత్తితే బస్సు పోతాది," గౌసియా బీ గొణిగింది.

ఎవరూ పేరెత్తలేదు.

తెల్లారి పక్కపేట సాల్మియాలో బస్సు నిండింది. మెట్ల మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న మేస్త్రీ. వెనక ఇరాకీ ఆఫీసరు, ఇద్దరు సైనికులు.

"అమ్మా, అక్కా, ఆ కువైటీ పిల్ల యాడుండాదో చెప్పండి," అన్నాడు మేస్త్రీ తియ్యగా. "చెప్పిందాకా బండి కదల్దు. సారు మాట. పరాయిదాని కోసం సొంత పిల్లోల్ల నోట్లో మన్ను కొడతారా?"

వెనక సీటులోంచి అందరికంటే ముందు లేచింది గౌసియా బీ.

"తప్పుకో!"

"యాడికి?"

"దిగుతాండా. బస్సు కావాలన్నా, నిజమే. బస్సుకు టికెట్టు ఒక ఆడపిల్ల ప్రాణమని నువ్వు ముందు చెప్పలా."

ఆమె దిగి బస్సు ముందర రోడ్డు మీద కూర్చుంది. కరుణమ్మ దిగింది. మద్దమ్మ దిగింది. అమ్ఘరా నుంచి వచ్చిన శివకుమార్ మూట కిందికి విసిరి, "రాండ్రా, మనకు మాత్రం సిగ్గుల్యా?" అని అరిచాడు. యార్డు కూలీలంతా దిగి ఆడవాళ్ల చుట్టూ కూర్చున్నారు. బస్సు ఖాళీ అయ్యింది.

ఆఫీసరు గాల్లోకి కాల్చాడు. జనం తలలు వంచారు గాని లేవలేదు. తుపాకీ మోతకు సాల్మియా మేడల మీద కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నల్ల అబాయాలు కప్పుకున్న ఆడవాళ్లు, ముసలి తలలు, పిల్లల చేతులు.

"ఏమంటున్నారు వీళ్లు?" ఆఫీసరు అరబ్బీలో గద్దించాడు.

"కూలి జాతి సార్. పొగరు," అన్నాడు మేస్త్రీ.

శివపార్వతి లేచి నిలబడింది. మోకాలి గాయం మళ్లీ పగిలి నెత్తురు కారుతోంది. ఒక సైనికుడు తుపాకీ ఆమె వైపు తిప్పాడు. ఇప్పుడు నోరు విప్పితే బస్సు లేదు, ఇల్లు లేదు, బహుశా రేపు కూడా లేదు. విప్పకపోతే వీడు ఇంకో ఇంటికి పిండి తెస్తాడు, ఇంకో పిల్లని అప్పజెపుతాడు.

"ఏమ్మే, కూచ్చో!" మేస్త్రీ గబగబా మెట్లు దిగాడు. "నీకు సీటు నేనిప్పిస్తా. ముందు సీటు!"

పార్వతి అతని వైపు చూడలేదు. తలెత్తి కిటికీల వైపు చూసింది. హెస్సా నేర్పిన అరబ్బీలో, వీధి దద్దరిల్లేలా అరిచింది.

"వినండి! మీ ఇళ్లు సైన్యానికి చూపిస్తున్నవాడు వీడే! మా ఊరోడే, మావోడే! గుర్తు పెట్టుకోండి, వీడి పేరు నాగేశ్వర! మేస్త్రీ నాగేశ్వర!"

రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఒక్క గొంతుతో ఆ పేరు అందుకున్నారు. మూడో అంతస్తు కిటికీలోంచి ఒక ముసలి కువైటీ ఆడమనిషి కూడా, నోరు తిరక్కపోయినా, అదే పేరు అరిచింది.

"నాగేశ్వర!"