పొద్దున ఏం తిన్నావు

కోడికూర అనకుండా ఉండాల్సింది, పోనీ ఓళిగలైనా అనకుండా ఉండాల్సింది, ఈ నాలుక తెగ్గోసి కాకులకు వేసినా పాపం లేదు అనుకుంటూ ఓబుళేసు తల వంచుకుని నడుస్తున్నాడు, ముందు చెన్నమ్మవ్వ ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని పోతోంది, ఆమె మడమల పగుళ్లనిండా కంకర దుమ్ము, రేపు ఆ దుమ్ము కూడా దొరకదు, కంబదూరు రోడ్డు మీద సర్కారు కరువు పని ఆగిపోయింది, ఆపింది జీపులో వచ్చిన ఆఫీసరు, ఆపించింది తన నోరు.

నవ్వాలని కట్టడి చేసిందీ తనే కదా, శనక్కాయ పంట మాడిపోయి అందరూ కంకర కొట్టడానికి వచ్చిన కొత్తలో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు, పీనుగను మోసినట్టు సుత్తులు మోసుకొచ్చేవాళ్లు, ఇట్లయితే ఆకలికంటే ముందు ఏడుపే మనల్ని తింటాది, రోజూ సుత్తి పట్టకముందు నవ్వాల్సిందే అన్నాడు, పొద్దున ఏం తిన్నావు అని అడగాలి, ఎంత పెద్ద అబద్ధం చెప్తే అంత గొప్ప, నేను బెల్లం పూర్ణం పెట్టి నేతిలో ముంచిన ఓళిగలప్పా, నేను పొట్టేలు తలకాయన్నా, చెన్నమ్మవ్వ అయితే ఎముక ఇరుక్కుందని బోసినోట్లో పుల్ల పెట్టి కెలుక్కునేది, గంజినీళ్ల కడుపులు పట్టుకుని పొర్లి పొర్లి నవ్వేవాళ్లు, ఒట్టు, ఆ నవ్వుతో మధ్యాహ్నం దాకా సుత్తి తేలిగ్గా లేచేది.

ఇవాళ ఆఫీసరు జీపు దిగి, ఏమయ్యా, పొద్దున ఏం తిన్నారు అన్నాడు, సరిగ్గా ఆ మాటే, కోడికూర, సంగటి, అవి సాలక ఓళిగలు సార్ అనేశాడు ఓబుళేసు, వెనక అందరూ గొల్లున నవ్వారు, ఆఫీసరు నవ్వలేదు, ఓళిగలు తినేవాళ్లకు కరువేందిరా అని మేస్త్రీ గురప్ప వైపు తిరిగి పని ఆపెయ్ అన్నాడు, తమాషాకన్నాను సార్, తమాషాకు అంటూ జీపు వెంట పరుగెత్తాడు, ఎవరూ చూడకపోయుంటే బాగుండేది ఆ పరుగు.

చెన్నమ్మవ్వ ఆగింది, తిడుతుంది, తిట్టనీ, ఏమప్పా ఓబుళేసూ, మన కోడికూర ఆయప్పకెందుకు వడ్డించినావు, అలవాటుకొద్దీ నోరు జారింది అవ్వా, జారిందా, ఆయప్ప అడిగినప్పుడు నీ మొగం సూసినాలే నేను, నాకూ నోరు రాలేదు, నిన్నట్నుంచి ఏమీ తిన్లేదు సామీ అని ఆయప్పతో ఒక్క మాట అనేకి, యాడ వచ్చె, ఆమె గంప సర్దుకుని కదిలింది, నిన్నటి నుంచా, పొద్దున పుల్లతో అందర్నీ నవ్వించిన ముసలిదేనా, తను రోజూ అడిగాడు, ఒక్కనాడూ నిజంగా అడగలేదు, అడిగితే తనూ నిజం చెప్పాలి, అదీ సంగతి, నోరు జారలేదు, ఆఫీసరు ఇస్త్రీ చొక్కా ముందర ఆకలి అనే మాటను దొంగసొత్తును చంకలో దాచుకున్నట్టు దాచుకున్నాడు, వానను తనే ఆపినట్టు, చేనును తనే మాడ్చినట్టు, ఆకలి తన తప్పేనని ఇన్నాళ్లూ నమ్మాడు, అందుకే దాచాడు.