డొక్కల గుంట దురద

ఒంటి మీద గీతలుంటే దొంగేనట! ఆ మాట విన్నప్పటి నుంచీ అప్పలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేపలగంప ఎక్కడిదక్కడ దించేసి, సఖినేటిపల్లి రేవు నుంచి ఊరిపెద్ద బంగారరాజుగారి లోగిలి దాకా పరుగున వచ్చింది.

ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట లేచిన నాలుగో ఏడది. ముందురోజు రాజుగారి పెరట్లో రాగి గంగాళం పోయింది. కొబ్బరితోట చుట్టూ ఉన్న మొగలి కంచె ఒకచోట విరిగి, మనిషి దూరేంత సందు పడింది. మొగలాకు అంచులకి రంపంలాగా ముళ్ళుంటాయి. దూరినవాడి ఒళ్ళు చీరుకుపోక మానదు. కాబట్టి ఎవడి ఒళ్ళు చీరుకుపోయిందో వాడే దొంగని రాజుగారు కూర్చున్నచోటే తేల్చేసి, రేవులో వాళ్ళందరి ఒళ్ళూ చూసి రమ్మన్నారు. అప్పలమ్మ మొగుడు సత్తియ్య పడవ నడుపుతాడు. అతని చేతులు, భుజాలు, పొట్ట, పిక్కలు ఎక్కడ చూసినా ఎర్రటి గీతలే. ఇంకేం, లాక్కొచ్చి అరుగు కింద స్తంభానికి ఆనించి నిలబెట్టేశారు.

సగం గుండు గీసి, సున్నంబొట్లు పెట్టి, రేవు దాటించేయమని తీర్పు. మంగలి అప్పటికే కత్తి నూరుతున్నాడు. తలకట్టు పోతే మళ్ళీ మొలుస్తుంది. దొంగన్న పేరు పడ్డాక ఆ పడవ ఎవరెక్కుతారు? ఇంట్లో పొయ్యి ఎలా రాజుకుంటుంది?

"దురదండి, గోక్కున్నానండి" అంటున్నాడు సత్తియ్య, అదే మాట పదోసారి.

అరుగు మీద నవ్వులు. "దురదైతే మాత్రం ఇలా రక్తం వచ్చేలా చీరుకుంటారట్రా ఎవరైనా?" అన్నారు రాజుగారు, తమలపాకుకి సున్నం రాసుకుంటూ.

చీరుకోరా! ఏనాడైనా దురద మొహం చూసిన మనిషి అనే మాటేనా అది? అప్పలమ్మకి ఒళ్ళు భగ్గుమంది. పది రోజులుగా కళ్ళారా చూస్తోంది తను. గోకితే అరక్షణం హాయి. ఆ వెంటనే మంట. మంట చల్లారేలోగా అదే చోట దురద రెండింతలై లేస్తుంది, చెయ్యి దానంతటదే పోతుంది. చర్మం లేచిపోతున్నా గోళ్ళు ఆగవు. వద్దు మావా అని చేతులు పట్టుకుంటే, ఆ మనిషి వెళ్ళి గుంజకి భుజాలూ పిక్కలూ రాసుకునేవాడు. ఇదంతా వీళ్ళకి నవ్వులాటగా ఉందన్నమాట!

"అయ్యగారండీ, మా మావ వీపు చూసేరా?" అంది, జనాన్ని తోసుకొచ్చి.

"వీపెందుకే?"

"ముందు చూడండి."

స్తంభానికి ఆనిన సత్తియ్యని భుజాలు పట్టుకుని గిర్రున తిప్పింది. భుజాల కిందా, నడుం దగ్గరా గీతలే. వీపు మధ్య మాత్రం జానెడు మేర నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది.

"కంచెలో దూరినోడికి వీపు నడిమి మీద జాలిపడి ముళ్ళు పక్కకి తప్పుకున్నాయాండి? మనిషి చెయ్యి అందని చోటండి అది! చెయ్యి అందినంత మేరే ఉన్నాయి గీతలు. ఇవి గోళ్ళవి కావంటారా?"

మంగలి కత్తి నూరడం ఆపేశాడు. రాజుగారు ముందుకు వంగి చూశారు. "అక్కడ దురద పెట్టదా మరి?" అన్నారు, ఇంకా వదలకుండా.

అప్పలమ్మకి సిగ్గు ముంచుకొచ్చింది. నలుగురిలో చెప్పే మాటా అది? కానీ సిగ్గు కన్నా కోపం ఎక్కువగా ఉంది.

"పెడతాదండి. అప్పుడు నన్ను పిలుస్తాడండి. నా గోళ్ళు తగిలితే పుండు పడతాదని అరచేత్తో కొబ్బరినూనె రాస్తానండి. పెళ్ళాం చెయ్యి పడ్డ చోటు కాబట్టి బాగుందండి, ఆయ్!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనకనున్న ఆడవాళ్ళలో ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆ దురద ఎక్కణ్ణించి వచ్చిందో కూడా అడగండి మరి. తమరి డొక్కల గుంటలోంచండి! పీచు తియ్యడానికి కొబ్బరి డొక్కలు కుళ్ళబెట్టిన ఆ నల్లనీళ్ళలో మా మావని పడవ మానిపించి, వెట్టికని పది రోజులు పీకల్దాకా దింపేరు. ఇనాముగా ఈ దురదొచ్చింది. దురదొస్తే గోక్కున్నాడు. గోక్కుంటే దొంగన్నారు. బాగుందండీ తమరి వరస!"

రాజుగారు గొంతు సవరించుకున్నారు. గంగాళం ఎవరు పట్టుకుపోయారో ఇంకా తేలలేదు గానీ, ఇంతమంది ముందు ఇక బుకాయించే దారి లేదు. "సర్లే, వీడు కాదు. పడవ నడుపుకోనీ" అన్నారు. ఆ మాటతో ఆగినా సరిపోయేది. లేవబోతూ, "రేపు పెందలాడే గుంటలోకి వచ్చెయ్యరా సత్తియ్యా. ఇంకా సగం డొక్కలు అలాగే ఉన్నాయి" అన్నారు.

తప్పయిందన్న ఒక్క ముక్క లేదు. పైగా మళ్ళీ ఆ గుంటలోకే రమ్మంటున్నారు! అప్పలమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రాడండి. రేపు తమరు దిగండి, ఒక్క పూట. ఎల్లుండి ఇదే అరుగు కింద నిలబడి తమరి ఒళ్ళు మేం చూస్తామండి. అప్పుడు మాట్లాడుకుందాం, ఎవరికి గుండు గియ్యాలో!"