మంచు వద్దు, ఎడారి వద్దు

పెళ్లయి తొమ్మిది రోజులైంది. కొత్త కోడలు స్నానాలగది గడియ పెట్టుకుని, పొట్ట మీద ఇన్సులిన్ సూది వేసుకుని బయటికొచ్చేసరికి, భోజనాలబల్ల మీద కంచాలు లేవు. దేశపటం పరిచి ఉంది.

సూది పడ్డాక పావుగంటలో భోజనం చెయ్యాలి. ఆ సంగతి ఈ ఇంట్లో భర్తకొక్కడికే తెలుసు. పెళ్లికి ముందే అతనితో చెప్పింది. "అమ్మకి నేను మెల్లగా చెబుతాలే," అన్నాడు. ఆ మెల్లగా ఇంకా మొదలు కాలేదు. మందు సీసాలు వాళ్ల గదిలో ఫ్లాస్కులో ఉంటున్నాయి. మడమ బెణికిందని చెప్పి అతను రోజూ పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి ఐసు పట్టుకెళ్తాడు. లిఫ్టులు బాగుచేసే పని గనక వాళ్లమ్మ నమ్మింది. నమ్మి ఊరుకోకుండా, ఎముకల డాక్టరు దగ్గరికి పదమని పోరు పెడుతోంది.

"రా అమ్మాయ్, కూర్చో. హనీమూన్ ఎక్కడికో ఇవాళ తేలిపోవాలి," అన్నారు మామగారు. ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మనిషి. పటం మడతల్లో చిరిగిపోయిన ఊళ్లు కూడా ఆయనకు కంఠతా వచ్చు. "ఎడారికి వెళ్లండి. గుడారాల్లో పడుకోవచ్చు."

ఆమె కళ్ల ముందు ఇసుక మెదల్లేదు. ఎండకు పాడైపోయిన మందు మెదిలింది.

"ఎండ మండిపోతుంది నాన్నా," అన్నాడు భర్త.

"అయితే మంచుకొండలు." అత్తగారు మెడలో టేపుతోనే కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచొచ్చింది. "నా జన్మకి మంచు చూడలేదు. మీరైనా చూసి ఫొటోలు పంపండి."

గడ్డకట్టినా ఆ మందు పనికిరాదు.

"చలి ఎక్కువమ్మా," అన్నాడు భర్త.

"పోనీ దీవులు," అన్నారు మామగారు. "పడవలో ఒకటిన్నర రోజు."

ఫ్లాస్కులో ఐసు అంతసేపు నిలవదు.

"నాకు పడవ పడదు," అన్నాడు భర్త.

"ఎప్పుడెక్కావురా పడవ?"

అత్తగారు ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "ఎండంటే వద్దు, చలంటే వద్దు. అసలు వెళ్లాలని ఉందా మీకు? ఏమైనా గొడవపడ్డారా?"

గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. సూది పడి ఇరవై ఐదు నిమిషాలు. కోడలి మెడ వెనక చెమట పట్టింది. ఆమె ఒక కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పవరు కుదరని అద్దంలోంచి చూసినట్టు, పటం మీద అక్షరాలు రెండేసిగా కనిపించసాగాయి. ఆకలేస్తోందని కొత్తగా వచ్చిన మనిషి తనంతట తను ఎలా అంటుంది? అయినా అంది.

"అత్తయ్యా, భోజనం చేసి మాట్లాడుకుందామా?"

"అయిదు నిమిషాలమ్మా."

ఆమె లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత తీసి పంచదార చెంచాతో నోట్లో పోసుకుంది. వెనకాలే వచ్చిన అత్తగారిని చూసి చెంచా జారవిడిచింది.

"ఏంటమ్మా ఇది?"

"నాకు షుగరుంది అత్తయ్యా. పదకొండో ఏటి నుంచి. సూది వేసుకున్నాను. ఇప్పుడు తినకపోతే పడిపోతాను."

"షుగరుంటే పంచదార తింటారా!"

"ఇలా వణికినప్పుడు తినాలి."

అత్తగారు ఆమె భుజాలు పట్టుకుని కింద కూర్చోబెట్టి, చెంచా కడిగి, తనే నోటికందించింది. కోడలి ముఖంలో రంగు తిరిగాక అడిగింది. "వాడికి తెలుసా?"

"తెలుసు."

"మరి మడమ?"

"ఆ ఐసు మందు చల్లగా ఉండడానికి."

భోజనాలయ్యాయి. తర్వాత గంటసేపు కుట్టుమిషన్ ఆడుతూనే ఉంది. అది ఆగినప్పుడల్లా, ఇప్పుడొచ్చి పుట్టింటికి పొమ్మంటుందేమోనని గదిలో కోడలు తలుపు వైపు చూసేది.

"తప్పు నాదే," అన్నాడు భర్త.

"నాతో కాదు, ఆవిడతో చెప్పండి."

అతను వెళ్లాడు. మిషన్ ఆగింది.

"చెబితే ఆ పిల్లని నేనేం చేస్తాననుకున్నావురా?" అన్న గొంతు వినిపించింది.

సాయంత్రం అత్తగారు ఫ్రిజ్‌లో మధ్య అర ఖాళీ చేసి, "ఇక్కడ గడ్డకట్టదులే," అంది. నవ్వలేదు. కొడుకుతో మాత్రం ఊరెళ్లేదాకా మాట్లాడలేదు.

మామగారు మళ్లీ పటం పరిచి ఒక సరస్సు పక్క ఊరి మీద వేలు పెట్టారు. "నా లారీ తిరగబడి కాలు విరిగింది ఇక్కడే. నెలరోజులున్నాను. ఎండ లేదు, మంచు లేదు. పెద్దాసుపత్రి సరస్సుకి ఎదురుగానే."

"హనీమూన్‌కి ఆసుపత్రి చూపించే మనిషిని మిమ్మల్నే చూశాను," అంది అత్తగారు. కోడలికి నవ్వాగలేదు.

అక్కడికే వెళ్లారు. తీరా చూస్తే హోటల్ గదిలో ఫ్రిజ్ గురగురలాడుతోంది గానీ లోపల వెచ్చగా ఉంది. ఫ్లాస్కులో ఐసు కరిగి నీళ్లయింది. భర్త ఫ్లాస్కు మూత పెట్టి తలుపు వైపు నడిచాడు.

"ఉండు, నేను కిందికెళ్లి ఏదో ఒకటి చెప్పి..."

"ఏదో ఒకటొద్దు. ఉన్నదే చెబుదాం."

సీసాలు తీసుకుని తనే దిగింది. కౌంటరు దగ్గరున్న ఆవిడ ముందు వాటిని పెట్టి, "నాకు షుగరుంది. ఇవి చల్లగా ఉండాలి. గడ్డ కట్టకూడదు," అంది.

ఆవిడ సీసాలను ఒకసారి చూసి, "రోజుకెన్నిసార్లు కావాలమ్మా?" అని అడిగి, వంటింటి ఫ్రిజ్ తలుపు తీసింది.

కోడలి గుండె మాత్రం, తర్వాత సరస్సు ఒడ్డుదాకా నడిచినంతసేపూ దడదడలాడుతూనే ఉంది.