ప్రేమమణి రాసిన నాలుగు పాటలు

ఆదివారం చర్చి నుంచి వచ్చి ప్రేమమణి మటన్ పొయ్యి మీద పెట్టిందో లేదో, హాల్లోంచి భర్త రిచర్డ్ కేకేశాడు. "ప్రేమా, అచ్చుకు పోయే కాగితం. జెర తప్పులు చూసిపెట్టు."

అది వాళ్ల బ్యాండ్ క్యాసెట్ కవరు. ఇరవై ఏళ్ల కింద రాంగోపాల్‌పేట్‌లోని ఈ ఇంట్లోనే మొదలైన రాక్ బ్యాండ్. రిచర్డ్ గిటారు, అబ్రహాం డ్రమ్స్, పాడేది ప్రేమమణి. అప్పట్లో రెండు చిన్న రికార్డులు వేశారు. వాటిలోని నాలుగు పాటలూ ఆమె రాసి, బాణీ కట్టినవే. లేబుల్ మీద మాత్రం బ్యాండ్ పేరే ఉండేది. తర్వాత రిచర్డ్ పాడినవన్నీ విదేశీ బ్యాండ్ల పాటలు. ఇప్పుడు, తొంభై ఏడులో, అన్నీ కలిపి ఒకే క్యాసెట్‌గా తెస్తున్నారు.

కూర కలుపుతూనే రెండు తప్పులు దిద్దింది. తర్వాతి పేజీలో చూపు ఆగిపోయింది. 'మాటలు, బాణీ: రిచర్డ్.' నాలుగు పాటలకూ అదే. ఆమె పేరు చిట్టచివర ఉంది: 'రిహార్సల్స్‌కి విసుక్కోకుండా చాయ్ పెట్టిన ప్రేమకు థాంక్స్.'

విసుక్కోకుండా! చాయ్ పెట్టిన మాట నిజమే. ఆ చాయ్ మరిగేలోపే, చంటిదాన్ని భుజాన వేసుకుని, క్యాలెండర్ వెనక రెండో రికార్డు పల్లవి రాసింది. అది విడుదలయ్యాకే అత్త రోసమ్మ అంది: "ఇగ స్టేజీ ఎందుకు బిడ్డా? చర్చి కోయిర్‌ల పాడు, దేవుడు వింటడు." తర్వాతి వారం మైకు ముందు రిచర్డే నిలబడ్డాడు. ఆమె కోపం తెచ్చుకోలేదని అందరూ మెచ్చుకున్నారు. వచ్చిన కోపాన్ని ఎవరి ముందు పెట్టాలో ఆమెకు తెలియలేదు, అంతే.

కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్లింది. రిచర్డ్ పక్కన అబ్రహాం కూడా ఉన్నాడు.

"నా పాటలకు నీ పేరేంటి రిచర్డ్?"

"మన మధ్యల నీది, నాది ఏందీ? అందరూ నావే అనుకుంటున్నరు. ఇప్పుడు నీ పేరేస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

ఆమె అబ్రహాం వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎవరు రాశారు?"

అతను తల దించుకున్నాడు. "నువ్వే వదినా."

"అయితే నా పేరు వేయండి. లేదంటే ఆ నాలుగూ తీసేయండి. నా పేరు లేకుండా వస్తే విడుదల రోజు అందరి ముందూ లేచి చెప్తా."

"పరేషాన్ చేయకు ప్రేమా," అని రిచర్డ్ లేచి వెళ్లిపోయాడు. అన్నం ముట్టలేదు. పన్నెండు రోజులు మాట్లాడలేదు. వేస్తాడనే అనుకుంది ఆమె. నాలుగక్షరాల పేరు, ఎంతసేపు!

క్యాసెట్ వచ్చిందని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మోండా మార్కెట్ పక్క దుకాణంలో కనబడితే కొని, అక్కడే విప్పి చూసింది. ఆమె పాటలు నాలుగూ లేవు. ఉన్నవి పది, అన్నీ పరాయివాళ్లవే. ప్రతి పాట కిందా, అది రాసినవాళ్ల పేరు, ఎప్పుడూ చూడని ఆ దూరదేశపువాళ్ల పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా వేయించాడు రిచర్డ్.