కుప్పంలో పుట్టిన పాప ప్రయాణం

చెల్లెలి పెళ్లి కుప్పంలో. ఫ్లారెన్స్ ఏడో నెల కడుపుతో, భర్త జయరత్నంతో కలిసి ఇంగ్లండు నుంచి వచ్చింది. డాక్టరు పోయి రమ్మన్నాడు. కాన్పు నాటికి తిరిగి వెళ్లిపోవచ్చనే అనుకున్నారు. కానీ పెళ్లి భోజనాలు ఇంకా ముగియకముందే నొప్పులు మొదలయ్యాయి. పట్టుచీరలతోనే చుట్టాలంతా ఆసుపత్రికి పరుగెత్తారు. పొద్దు వాలేలోపు కుప్పంలోనే ఆడపిల్ల పుట్టింది. పిల్ల మరీ చిన్నది, ఏడుపు మాత్రం గట్టిది.

ఫ్లారెన్స్ తల్లి యేసమ్మ మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక పుంగనూరులో ఉంటోంది. బరువు తక్కువ పిల్లలను సాకడం ఆమెకు అలవాటే. మనవరాలిని గుండెకు ఆనించుకొని, మెత్తటి గుడ్డతో కట్టుకొని ఇల్లంతా తిరిగేది. అప్పుడప్పుడు మదనపల్లె తీసుకుపోయి డాక్టరుకు చూపించేవాళ్లు. పిల్ల కోలుకుంది, బుగ్గలొచ్చాయి. షారోన్ అని పేరు పెట్టారు.

ఇక తిరుగు ప్రయాణం. ఫ్లారెన్స్‌కు బ్రిటన్ పౌరసత్వం వచ్చి కొన్నేళ్లయింది. జయరత్నం భారత పౌరుడే, వీసా మీద అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. పాప పుట్టింది ఇక్కడే కాబట్టి ఇక్కడి పాస్‌పోర్టు తీసుకున్నారు. వీసా సంగతి అడిగితే టికెట్లు బుక్ చేసిన ఏజెంటు తేలిగ్గా నవ్వాడు.

"తల్లి బ్రిటిష్ కదమ్మా, సంటిబిడ్డకు వీసా యాల? ఎవురూ అడగరు పొండి."

బెంగళూరు విమానాశ్రయంలో కౌంటరు దగ్గరే అడిగారు.

"పాపకు వీసా లేదు కదా మేడమ్?" అంది అక్కడి అమ్మాయి, ఆ చిన్న పాస్‌పోర్టు తిరగేస్తూ.

"నాది బ్రిటిష్ పాస్‌పోర్టు. నేను తల్లిని," అంది ఫ్లారెన్స్.

"అదే కష్టమొచ్చింది. మీకు పౌరసత్వం వచ్చినాక పుట్టింది కాబట్టి, పాప కూడా పుట్టుకతోనే బ్రిటిషే. వాళ్ల పౌరులకు వాళ్లు వీసా ఇవ్వరు. వాళ్ల పాస్‌పోర్టే చూపించాలి. ఇప్పుడు ఈ విషయంలో చాలా గట్టిగా ఉన్నారు. ఎక్కించలేను మేడమ్, సారీ."

రెండు దేశాలూ నాదంటే నాదనే పిల్ల, ఒక్క విమానం ఎక్కడానికి పనికిరాకుండా పోయింది. జయరత్నానికి సెలవు మిగల్లేదు. ఈసారి పోకపోతే ఉద్యోగమే ఉండదు, ఉద్యోగంతోపాటు వీసా కూడా.

"మీరు పొండి. పాపను తీసుకొని నేను వస్తా," అంది ఫ్లారెన్స్. అతను పాప పాదాలు రెండూ చేతిలోకి తీసుకొని ముద్దు పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

పుంగనూరులో ఇల్లు చేరాక యేసమ్మ అంది. "నీ ఉద్యోగం కూడా పోతే ఎట్లమ్మా? పిల్లను నా దగ్గర ఇడిసిపెట్టి పో. కాగితాలు వచ్చినాక నేనే తీసుకొని వస్తా."

"పాలు తాగే బిడ్డమ్మా. ఇడిసి యాడికి పోదును?"

యేసమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఫ్లారెన్స్ జీతం లేని సెలవు అడిగి, పాపకు బ్రిటిష్ పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టింది. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు తప్పు పడిందని తేలితే, పాపను ఎత్తుకొని కుప్పం పోయి దిద్దించుకొని వచ్చింది. ఆమె పౌరసత్వ పత్రం, పెళ్లి పత్రం జయరత్నం అక్కడి నుంచి పంపించాడు. ఆ తర్వాత ఎదురుచూడటమే పని. వీధిలో బండి ఆగితే చాలు, యేసమ్మ తలుపు తీసి చూసేది. కోడిగుడ్ల బండి వచ్చేది, పాలబ్బాయి వచ్చేవాడు.

చివరికి పాస్‌పోర్టు వచ్చింది. ఫ్లారెన్స్ కవరు చించి, పాప ఫొటో చూసి నవ్వింది. ఫొటోలో షారోన్ ఎవరి మీదో కోపం వచ్చినట్టు ఉంది.

ఇంకో పని మిగిలింది. భారతదేశం రెండు పౌరసత్వాలు ఉంచుకోనివ్వదు. ఇక్కడి పాస్‌పోర్టు అప్పగించి, పాప దేశం దాటడానికి అనుమతి తీసుకోవాలి. బెంగళూరు ఆఫీసులో ఆ చిన్న పుస్తకం బల్ల మీద పెడుతుంటే యేసమ్మకు మనసు ఒప్పలేదు.

"కుప్పంలో పుట్టింది సార్. నా చేతుల్లో పెరిగింది. ఇంక మన పిల్ల కాదా?"

ఆఫీసరు పెద్దావిడ ముఖం చూసి, చేతిలోని పెన్ను పక్కన పెట్టాడు. "మీ పిల్ల కాకుండా యాడికి పోతుందమ్మా? ఓసీఐ కార్డుకు అప్లై చేసుకోండి. అది వచ్చినాక వీసా లేకుండానే ఎప్పుడైనా రావచ్చు."

యేసమ్మ తలూపింది. మనవరాలి నెత్తి నిమిరి, తానే ఆ పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది.

అనుమతి చేతికొచ్చాక మళ్లీ బెంగళూరు విమానాశ్రయం. గేటు దగ్గర యేసమ్మ ఆగిపోయింది. ఈసారి కౌంటరులో ఇబ్బంది లేదు. ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం ఆఫీసరు పాప పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పాడు.

"ఈ పాప ఇండియాకు ఎప్పుడు వచ్చింది? ముద్ర లేదే?"

"రాలేదు సార్. ఈడే పుట్టింది, కుప్పంలో," అంటూ ఫ్లారెన్స్ అనుమతి కాగితం అందించింది.

ఆయన కాగితం చదివి, కంప్యూటరులో వెతికి, పక్కనున్న మరొకాయనను పిలిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకొని ఏదో చూశారు. ఫ్లారెన్స్ పాపను ఇంకో భుజానికి మార్చుకుంది. మళ్లీ వెనక్కేనా అనుకుంది. అంతలో ముద్ర పడిన చప్పుడు వినిపించింది.

"కుప్పమా? మాది కోలారమ్మా, మీ పక్కనే," అన్నాడు ఆయన. "జాగ్రత్తగా పోయి రండి."

ఆమె పక్కకు వచ్చి గోడకు ఆనుకుని తల్లికి ఫోన్ చేసింది.

"మా, ఇడిసిపెట్నారు."

"నిజంగానా? ఇంగెవురూ ఆపరు గదా?"

"ఆపరు మా. నువ్వు ఇంటికి పో."

అవతల యేసమ్మ "స్తోత్రం ప్రభువా" అని, ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఇంగ్లండులో దిగాక ఆఫీసరు తల్లీబిడ్డల పాస్‌పోర్టులు చూసి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పొమ్మన్నాడు. బయట జయరత్నం అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. చేతులు చాచి పాపను ఎత్తుకున్నాడు. షారోన్ ఆ ముఖాన్ని పరీక్షగా చూసి, గుక్కపెట్టి ఏడుపందుకుంది.

"మరిసిపోయినట్టుండాది," అంది ఫ్లారెన్స్, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటూ.

"ఏడ్వనీలే," అన్నాడు జయరత్నం, పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంటూ. "ఇంగ రోజూ నన్నే సూడాల గదా."